పిస్టన్ పట్టేసిన 381 చైన్ సా: బాగుచేయించాలా, కొత్తది కొనాలా?

నూజివీడు చుట్టుపక్కల పాత మామిడి తోటలు తీయించి ఆయిల్‌పామ్ వేస్తున్న రైతులు ఈమధ్య బాగా పెరిగారు. నలభై యాభై ఏళ్ల మామిడి మానును మొదలంటా కోయాలంటే కొమ్మలు కొట్టే చిన్న మిషన్లు చాలవు, 70 సీసీ తరగతి చైన్ సా ఉండాల్సిందే. ఈ కేసులోని మిషన్ అలాంటిదే, స్టిల్ కంపెనీ ఎంఎస్ 381. బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 52 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 34, మొత్తం 72.2 సీసీ, పవర్ 3.9 కిలోవాట్లు. పాత 038 మ్యాగ్నమ్ వంశంలోది. నా షాపుకొచ్చేనాటికి దానికి పదేళ్లు దాటాయి.

సొంతదారు చెట్ల కోత ముఠా నడిపే మేస్త్రీ. చుట్టరికం లేకపోయినా బాబాయ్ అంటాను. మిషన్ మాను మధ్యలో ఉండగా ఆగిపోయిందట. చల్లారాక తాడు లాగితే తిరుగుతోంది గానీ స్టార్ట్ కావడం లేదు. అదే గోనె సంచిలో ఒక ఎంఎస్ 250 కూడా తెచ్చాడు, అది కొన్నాళ్లుగా పికప్ లేక మూలన పడి ఉంది.

"రెంటికీ కలిపి ఎంతవుద్దో చెప్పు అబ్బాయ్. ఎక్కువైతే కొత్తది తీసేసుకుంటా. వానలు పడేలోపు రెండు తోటలు ఖాళీ చేసివ్వాలి."

ఇక్కడ చాలా షాపుల్లో వచ్చే జవాబు ఒకటే: "పిస్టన్ పట్టేసింది, సెట్టు మార్చాలి, ఇంత అవుతుంది." నేను ఆ జవాబు ఇవ్వను. పిస్టన్ ఎందుకు పట్టేసిందో తెలియకుండా వేసిన కొత్త సెట్టు అదే కారణంతో మళ్లీ పట్టేస్తుంది. పైగా ఆ కారణమే మిషన్ కింది భాగం, అంటే క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు), బేరింగులు, ఏ స్థితిలో ఉన్నాయో ముందే సగం చెప్పేస్తుంది. బాగుచేయాలా వద్దా అన్నది తేలేది అక్కడే.

విప్పకముందే తెలిసేవి

మొదటి పని సైలెన్సర్ తీయడం. కొన్ని బోల్టులు, ఐదు నిమిషాలు. ఎగ్జాస్ట్ రంధ్రంలోంచి టార్చి వేసి, తాడు మెల్లగా లాగుతూ చూస్తే పిస్టన్ ఒక పక్క మొత్తం కనిపిస్తుంది. 381లో ఎగ్జాస్ట్ వైపు నిలువు గీతలు పడ్డాయి, అల్యూమినియం కరిగి పూసినట్టు మచ్చలున్నాయి. కార్బొరేటర్ తీసి ఇన్‌టేక్ వైపు నుంచి చూస్తే అటుపక్క పిస్టన్ నున్నగా ఉంది, ఫ్యాక్టరీలో పడిన సన్న గీతలు కూడా చెరగలేదు.

ఈ తేడా చాలా ముఖ్యం. ఎగ్జాస్ట్ వైపే కాలిందంటే వేడి వల్ల జరిగింది: మిశ్రమంలో పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైంది, లేదా ఆయిల్ తగ్గింది. నాలుగు పక్కలా గీతలుంటే ఆయిల్ కలపని పెట్రోలు పోశారని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. ఇన్‌టేక్ వైపు మసకగా, ఇసుక కాగితంతో రుద్దినట్టు అరిగి ఉంటే ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము లోపలికి పోయింది. ఈ మూడోదే అన్నిటికంటే చెడ్డది. టూ స్ట్రోక్‌లో గాలి, పెట్రోలు, ఆయిల్ అన్నీ క్రాంక్‌కేస్ గుండానే పైకి వెళ్తాయి కాబట్టి పిస్టన్‌ని అరగదీసిన దుమ్ము అంతకుముందే బేరింగులను కూడా తినేసి ఉంటుంది. అప్పుడు పైభాగం కొత్తది వేయడం డబ్బు పారబోయడమే.

కంప్రెషన్ గేజ్ పెట్టి లాగితే 95 పీఎస్ఐ వచ్చింది. ఈ సైజు మిషన్‌కి 150 దగ్గర ఉండాలి, వంద లోపు అంటే స్టార్టింగ్ ట్రబుల్ సహజమే. ఒక మాట: కారు గేజ్ పెట్టి చూసి కంప్రెషన్ లేదని తేల్చేయకండి. చెక్ వాల్వ్ ప్లగ్గు చివరనే ఉండే గేజ్ వాడాలి. గొట్టం పై చివర వాల్వ్ ఉన్నవి చిన్న ఇంజిన్లకు బాగా తక్కువ చూపిస్తాయి.

తర్వాత క్రాంకు. దాని చివర ఉండే మాగ్నెట్‌ని (ఫ్లైవీల్) రెండు చేతులా పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూశాను. ఆట లేదు. వేలితో తిప్పితే గరగర లేదు. ఇంతవరకు ఒక్క రూపాయి పార్టు కొనలేదు, కానీ ఈ మిషన్ మీద ఇంకో గంట పెట్టొచ్చని తేలింది.

ఎంఎస్ 250 సంగతి

దీనికి ఎక్కువ సేపు పట్టలేదు. ఇన్‌టేక్ వైపు పిస్టన్ బూడిద రంగులో అరిగి ఉంది, ఫిల్టర్ అంచు చిరిగి ఉంది, మాగ్నెట్ చేతికి కదులుతోంది. 381లో మెగ్నీషియం క్రాంక్‌కేస్ రెండు సగాలుగా ఉండి బేరింగులు దాంట్లో బిగుసుకుని ఉంటాయి. 250 కట్టుబడి వేరు: సిలిండర్ అడుగు భాగానికీ కింద ఉండే చిన్న పాన్‌కీ మధ్య క్రాంకును నొక్కి బిగిస్తారు, చుట్టూ ప్లాస్టిక్ బాడీ. పనితనం తక్కువదని అనను. తేలిగ్గా ఉండే మిషన్, రైతు ఇంట్లో వాడుకోవడానికి చాలా మంచిది. కానీ దుమ్ము తిన్నాక సిలిండర్, పిస్టన్, క్రాంకు, బేరింగులు అన్నీ కలిపి మారిస్తే కొత్త మిషన్ ధరకి దగ్గరికి వెళ్తుంది. కాయిల్, కార్బొరేటర్, స్టార్టర్ పని చేస్తున్నాయి కాబట్టి పార్టుల కింద పక్కన పెట్టమన్నాను. బాబాయ్ మారుమాట అనలేదు. అతని మనసంతా పెద్ద మిషన్ మీదే ఉంది.

గాలి ఎక్కడ దూరుతోంది

381 ఆగిపోకముందు ఎలా నడిచిందని అడిగితే ముఠాలో కోసే కుర్రాడు చెప్పాడు: "రేస్ వదిలేసినా దిగేది కాదండి, చైను తిరుగుతానే ఉండేది. పక్కూర్లో చూపిస్తే స్క్రూ తిప్పి తగ్గించారు. రెండ్రోజులకి మళ్లీ అంతే."

ఇది వినగానే అనుమానం ఆయిల్ సీళ్ల మీదికి, అంటే క్రాంకు రెండు చివరలా గాలి దూరకుండా పట్టే రబ్బరు రింగుల మీదికి, పోయింది. ఐడిల్, అంటే రేస్ వదిలేసినప్పటి వేగం, తనంతట తాను పెరుగుతోందంటే కార్బొరేటర్ దాటాక ఎక్కడో గాలి దూరుతోందన్న మాట. ఐడిల్ స్క్రూ తిప్పితే శబ్దం తగ్గుతుంది గానీ గాలి దూరడం ఆగదు. ఫుల్ రేస్‌లో, మాను మధ్యలో, అదే గాలి పిస్టన్‌ని కాల్చేస్తుంది.

దీన్ని నిర్ధారించడానికి ప్రెషర్ టెస్ట్ చేయాలి. సైలెన్సర్ కింద ట్యూబు రబ్బరు ముక్క పెట్టి బిగించి ఎగ్జాస్ట్ మూశాను, ఇన్‌టేక్ వైపు పలక పెట్టి మూశాను, ప్లగ్గు రంధ్రంలోంచి గాలి కొట్టాను. పుస్తకం లెక్క 0.5 బార్. దీనికి కంపెనీ పంపు దొరుకుతుంది గానీ ఖరీదెక్కువ. మా షాపులో వాడేది డయల్ ఉన్న పాత బీపీ మిషన్ గాలి బుడ్డి. దాని ముల్లు 300 వరకు పోతుంది, అంటే 0.4 బార్. లీకు పట్టుకోవడానికి అది చాలు. సబ్బు నీళ్లు రాస్తే మాగ్నెట్ వైపు సీలు దగ్గర నురగ లేచింది. క్లచ్ వైపు ఏమీ లేదు.

అక్కడితో ఆపకూడదు, వాక్యూమ్ కూడా చూడాలి. సీలు పెదవి లోపలి నుంచి ప్రెషర్ వచ్చినప్పుడు షాఫ్ట్‌కి ఒత్తుకుని పట్టేస్తుంది, పీల్చినప్పుడు వదిలేస్తుంది. క్లచ్ వైపు సీలు సరిగ్గా ఆ పనే చేసింది: ప్రెషర్‌కి నిలబడి వాక్యూమ్‌లో మెల్లగా వదిలేసింది. కాబట్టి రెండూ మార్చాలి. ఇన్‌టేక్ బూటుకి (కార్బొరేటర్‌ని సిలిండర్‌తో కలిపే రబ్బరు గొట్టం) కూడా మడత దగ్గర వెంట్రుక మందం పగుళ్లు కనిపించాయి. ఇంకా చిల్లు పడలేదు, కానీ అన్నీ విప్పాక దాన్ని అలా వదిలేయడంలో అర్థం లేదు.

పెట్రోలు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, అంటే ఇ20. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత సెట్టింగు మీద నడిపితే మిశ్రమం పలచనవుతుంది. దానికి తోడు అది గాలిలో తేమ పీలుస్తుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. చేత్తో స్క్రూలు తిప్పి సెట్ చేసే కార్బొరేటర్లున్న మిషన్లకి 10 శాతం దాటొద్దని పాత మాన్యువళ్లలో రాసి ఉంటుంది. ఈ మిషన్‌ని చంపింది ఇథనాల్ అనను, అసలు దోషి సీలే. అయితే ఎప్పుడో ఇ20 రాకముందు సెట్ చేసిన హై స్క్రూ (ఫుల్ రేస్‌లో పెట్రోలు ఎంత వెళ్లాలో తేల్చేది) అలాగే ఉంటే, సీలు లీకు చేసిన నష్టానికి ఇది కూడా ఒక చెయ్యి వేసినట్టే. నీళ్లు కలిపి ఇథనాల్ విడగొట్టే వీడియోలు చూసి కొందరు అడుగుతుంటారు. వద్దు. అలా చేస్తే ఆక్టేన్ పడిపోతుంది, మిగిలిన తడి క్రాంకును తుప్పు పట్టిస్తుంది.

ఆయిల్ విషయంలో ముఠా చేసేది కంటి లెక్క. కంపెనీ సొంత టూ స్ట్రోక్ ఆయిల్ అయితే 50 పాళ్లకు ఒకటి, అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు. వేరే మంచి ఆయిల్ అయితే 25కి ఒకటి, అంటే లీటరుకి 40 అని మాన్యువల్ చెబుతుంది. వీళ్లు ఆటోలకు వాడే 2టీ ఆయిల్ తెచ్చి మొదటి లెక్కలో పోస్తున్నారు.

సిలిండర్ బతికిందా

ఇక సిలిండర్ ఎత్తాల్సిన సమయం. సీలు మార్చడానికి క్లచ్ కూడా తీయాలి, దాని మర ఎడమ చేతి వాటం, విప్పడానికి కుడివైపు తిప్పాలి. ప్లగ్గు రంధ్రంలో మెత్తటి తాడు దోపి పిస్టన్‌ని ఆపుకుంటే సరిపోతుంది, స్క్రూడ్రైవర్ దోపకూడదు.

కనెక్టింగ్ రాడ్ కింది చివర నీలం రంగు తిరిగిందేమో ముందు చూశాను. తిరిగి ఉంటే ఆ బేరింగ్ ఒకసారి విపరీతంగా వేడెక్కినట్టు, ఎంత బాగా తిరుగుతున్నా క్రాంకు మార్చాల్సిందే. ఇక్కడ లేదు. రాడ్‌ని పక్కకి జరిపితే కాస్త ఆట ఉంది, అది ఉండాల్సిందే. పైకి కిందికి లాగితే లేదు. మంచిది.

సిలిండర్ లోపల ఎగ్జాస్ట్ రంధ్రం కింద బూడిద రంగు మచ్చలు. ఇవి చూసి "బోరు పోయింది" అనేయడం మామూలే. ఈ సిలిండర్లకు లోపల నికెల్, సిలికాన్ కార్బైడ్ పూత ఉంటుంది. మోటార్ సైకిల్ ఇనప బోరులాగా లేత్ మీద పెద్దది చేసి ఓవర్‌సైజు పిస్టన్ వేయడం కుదరదు. కానీ ఆ పూత పిస్టన్ అల్యూమినియం కంటే చాలా గట్టిది. చాలాసార్లు మచ్చలా కనిపించేది పూతకి అంటుకున్న పిస్టన్ లోహమే.

తెలుసుకునే మార్గం హైడ్రోక్లోరిక్ యాసిడ్, బాత్‌రూమ్ కడిగే రకమే. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు, పని ఆరుబయట. దూది పుల్లతో మచ్చ మీద మాత్రమే అద్దాలి, రంధ్రాల అంచులకీ బయటి అల్యూమినియంకీ తగలనివ్వకూడదు. అంటుకున్న లోహం బుసబుసా పొంగుతుంది. అది కరిగిపోయాక పూత బాగుంటే పొంగు ఆగిపోతుంది. ఎంతసేపటికీ ఆగలేదంటే పూత లేచిపోయి కింది లోహమే కరుగుతోందని అర్థం, వెంటనే కడిగేయాలి, ఆ సిలిండర్‌ని మర్చిపోవాలి. మాది మూడు నాలుగు అద్దకాల్లో శాంతించింది. నీళ్లతో, తర్వాత వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరబెట్టి, గోరు పెట్టి చూస్తే ఎక్కడా తట్టలేదు. సిలిండర్ బతికింది.

డబ్బు లెక్క

ధరలు తరచూ మారుతుంటాయి కాబట్టి కస్టమర్లకు నేను కొత్త మిషన్ ధరను వంద అనుకుని చెబుతాను. ఇక్కడ కొత్తది అంటే ఇదే 72.2 సీసీ తరగతిలో తర్వాత వచ్చిన ఎంఎస్ 382.

కంపెనీ పిస్టన్, రింగులు, పిన్ను, దాన్ని పట్టి ఉంచే సర్క్లిప్‌లు కలిపి 7. రెండు సీళ్లు 2, ప్యాకింగులు 2. కార్బొరేటర్ డయాఫ్రమ్ కిట్టు, పెట్రోలు పైపు, ఫిల్టర్లు 4. ఇన్‌టేక్ బూటు 2. క్లచ్ స్ప్రింగులు, చైన్ బ్రేకు బ్యాండు, అరిగిన స్ప్రాకెట్ 5. నా కూలి 8. మొత్తం 30. బారు (చైను తిరిగే పొడవాటి పలక) పట్టాలు విచ్చుకున్నాయి, చైను చివరికొచ్చింది. వాటికి ఇంకో 8. కొత్త మిషన్‌తో బారు, చైను వస్తాయి కదా, అందుకని వాటిని మన వైపు లెక్కలో తప్పనిసరిగా కలపాలి. ఇది చాలామంది మర్చిపోతారు. అంటే 38.

అటువైపు వంద నిజంగా వంద కాదు. ఈ మిషన్‌ని ఉన్నపళంగా పార్టుల కింద అమ్మితే 12 దాకా వస్తుంది. కాబట్టి పోలిక 38కీ 88కీ.

క్రాంకు, బేరింగులు పోయి ఉంటే పార్టులకీ కేసు విప్పిన కూలికీ కలిపి ఇంకో 27, లెక్క 65కి చేరేది. సిలిండర్ కూడా పోయి ఉంటే 82. నేను గీసుకున్న గీత 55. అది దాటితే ఎంత మంచి మిషనైనా విప్పను. అంత ఖర్చు పెట్టాక కూడా మిగిలేవి పాత కాయిల్, పాత ఆయిల్ పంపు, పదేళ్లు వణికిన మెగ్నీషియం కేసు. వాటిలో ఏది పోయినా కస్టమర్ నా దగ్గరికే వస్తాడు, "మొన్నే కదా అంత తీసుకున్నావ్" అంటాడు.

లెక్కలో పడని ఇంకో ఖర్చు రోజులు. పార్టులు విజయవాడ నుంచి రావాలి. ఆ నాలుగైదు రోజులు ముఠా ఖాళీగా కూర్చుంటే పోయే కూలి ముందు పిస్టన్ ధర చిన్నదైపోతుంది. బాబాయ్‌కి అద్దె మిషన్ ఒకటి దొరికింది కాబట్టి గడిచింది. అది దొరక్కపోయి ఉంటే, 38కి 88 అయినా సరే, కొత్తది కొనమనే చెప్పేవాణ్ణి.

మధ్యలో బాబాయ్ కొడుకు ఫోన్‌లో 58 సీసీ చైనా మిషన్ చూపించాడు. "ఈ రిపేరు డబ్బులకే కొత్తది వస్తంది కదన్నా!" వస్తుంది. వేప కొమ్మలు, సుబాబుల్, పొలం గట్టు పని అయితే నేనే కొనుక్కోమంటాను, పార్టులు కూడా చవకే. కానీ రోజంతా మామిడి మొదళ్లు కోసే పనికి అది సరిపోదు. ఆ పొడవు బారు లాగే బలం దానికి లేదు. ఒకటి బాగా వస్తే ఇంకోటి నెలకే మూలుగుతుంది.

బాగుచేయడానికి నేను పెట్టుకునే ఇంకో షరతు చైన్ బ్రేకు. ముందరి గార్డు నెట్టగానే చైను తక్షణం ఆగాలి. బ్రేకు పార్టులు దొరకని మోడల్ అయితే, అసలు బ్రేకే లేని పాతకాలం మిషన్ అయితే, ఇంజిన్ వజ్రంలా ఉన్నా నేను ముట్టను. బారు ముక్కు దుంగకి తగిలి మిషన్ మొహం మీదికి ఎగరడానికి క్షణం కూడా పట్టదు. 381కి బ్యాండు మారిస్తే సరిపోయింది.

పార్టు ఎంపిక, బిగింపు

మార్కెట్‌లో సిలిండర్, పిస్టన్ కలిపిన లోకల్ సెట్టు కంపెనీ పిస్టన్ ధరకి అటూఇటుగా దొరుకుతుంది. "కొత్త బోరు కూడా వస్తంది కదా, అదే వెయ్యి" అన్నాడు బాబాయ్. వాటిలో రంధ్రాల అంచులు నున్నగా చేయనివి చాలా చూశాను, రింగు అక్కడ తట్టుకుని విరుగుతుంది. సర్క్లిప్‌లు మెత్తగా ఉండి ఊడొస్తాయి. పూత బాగున్న పాత కంపెనీ సిలిండర్ చేతిలో ఉండగా దాన్ని పక్కనపెట్టి ఇది వేయడం నాకు మనస్కరించలేదు. సీళ్ల విషయంలో కూడా అంతే, ఈ రిపేరంతా వాటి కోసమే కాబట్టి కంపెనీవే.

బిగించేటప్పుడు పిస్టన్ మీది బాణం ఎగ్జాస్ట్ వైపు. రింగు చివరలు గాడిలోని చిన్న పిన్ను దగ్గర కూర్చున్నాయో లేదో వేలితో తడిమి చూసుకోవాలి. సర్క్లిప్ నోరు పైకో కిందికో ఉండాలి, పక్కకి ఉంటే పిస్టన్ ఊపుకి లేచిపోవచ్చు. ప్యాకింగ్ మార్చాను కాబట్టి పిస్టన్‌కీ సిలిండర్ పైకప్పుకీ మధ్య ఖాళీ చూడటానికి ప్లగ్గు రంధ్రంలోంచి సోల్డర్ తీగ పెట్టి తిప్పి నలిగిన మందం కొలిచాను. 0.5 మిల్లీమీటర్ల కంటే తక్కువ రాకూడదు, వచ్చింది 0.7. కాయిల్‌కీ మాగ్నెట్‌కీ మధ్య సందు 0.2 నుంచి 0.3.

అన్నీ బిగించాక, కార్బొరేటర్ పెట్టకముందే, ప్రెషర్, వాక్యూమ్ టెస్టులు మళ్లీ చేశాను. ముల్లు కదలకుండా నిలబడింది. ఈ రెండో టెస్టు చేయకుండా బయటికి పంపిన మిషన్‌కి గ్యారంటీ ఇవ్వడం జూదమే.

సెట్టింగు, తర్వాత

ఎల్ (లో), హెచ్ (హై) స్క్రూలు బంకు పెట్రోలుతోనే సెట్ చేశాను, ముఠా రేపు పోసేది అదే కాబట్టి. చైను గాలిలో ఉండి ఫుల్ రేస్ ఇచ్చినప్పుడు ఇంజిన్ కొంచెం గరగరలాడాలి, దుంగలో దించగానే ఆ గరగర పోయి శబ్దం శుభ్రం కావాలి. గాలిలోనే కీచుమని పాడుతోందంటే పెట్రోలు తక్కువైనట్టు. కుర్రాళ్లకి ఆ కీచు శబ్దమే ఇష్టం, పవర్ అనుకుంటారు. హెచ్ స్క్రూ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పి పంపాను. మొదటి కొన్ని ట్యాంకులు ఎక్కువసేపు ఫుల్ రేస్‌లో ఉంచొద్దన్నాను. ఆయిల్ కోసం గీతలున్న కొలత సీసా ఒకటి ఇచ్చాను, వేరే ఆయిల్ అయితే లీటరుకి 40.

రింగులు కూర్చున్నాక గేజ్ 150 దాటింది. రెండు తోటలు అయ్యాక బాబాయ్ చైను సానకని వస్తే సైలెన్సర్ తీసి చూశాను. పిస్టన్ ఎగ్జాస్ట్ వైపు గీత లేదు, ప్లగ్గు లేత గోధుమ రంగులో ఉంది. ఐడిల్ నిలకడగా ఉంది. కొమ్మల పనికి బాబాయ్ కొత్త చిన్న మిషన్ ఒకటి కొన్నాడు, పాత 250 కాయిల్ వేరే వాళ్ల మిషన్‌కి పనికొచ్చింది.

381 క్రాంకు మాత్రం పాతదే. బేరింగ్ శబ్దం మొదలైందంటే ఇప్పుడు పెట్టిన 38కి ఆ 27 కలిసి లెక్క 55 దాటుతుంది, అప్పుడు విప్పను, 382కి డబ్బులు ఇప్పట్నుంచే పక్కన పెట్టుకోమని చెప్పాను.

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాంలే," అంటూ సాన పట్టిన చైను జేబులో వేసుకున్నాడు బాబాయ్.